బ్రేకు మీద నా కాలు లేదు

“సార్, మీకు బ్రేకు మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉన్నట్టుంది.”

షెడ్డులో నలుగురి ముందు మెకానిక్ అన్న ఈ మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. ఇరవై రెండేళ్లుగా స్టీరింగ్ పట్టుకున్నవాణ్ణి. పైగా నేను కాలు ఆనిస్తే ఎడమ చక్రం కూడా వేడెక్కాలి కదా, కుడి ముందు చక్రం ఒక్కటే ఎందుకు కాలుతుంది? ఈ ప్రశ్న అక్కడ నోటికి రాలేదు. రాత్రి పడుకున్నాక వచ్చింది.

నాది పాత పికప్. కొంత దూరం నడిచాక బ్రేకు తొక్కకపోయినా కుడివైపు లాగడం, దిగితే కాలిన వాసన, ఆ చక్రం రిమ్ము మీద మాత్రమే నల్లటి పొడి. నీళ్లు చిలకరిస్తే చుయ్యిమనేది. బ్రేకు పట్టేస్తోందని చెప్పడానికి పండితుడు అక్కర్లేదు. ఎందుకు పట్టేస్తోందన్నదే చిక్కు.

మొదటిసారి, చక్రంతో తిరిగే డిస్కును నొక్కి ఆపే ప్యాడ్లు మార్చారు. రెండోసారి, ఆ ప్యాడ్లను నొక్కే పిస్టన్ తుప్పు పట్టిందని దాన్ని పట్టి ఉంచే కాలిపర్ మొత్తం మార్చారు. వారం తిరగకముందే మళ్లీ అదే వాసన. మూడోసారి వెళ్లాను. ముందు రెండు బళ్లు ఉన్నాయి, ముప్పావు గంట కూర్చోబెట్టారు. తర్వాత జాకీ ఎత్తి తిప్పితే చక్రం గిరగిరా తిరిగింది! మెకానిక్ నన్ను చూశాడు. అక్కడి కుర్రవాడు ఇంకోసారి తిప్పి మరీ చూపించాడు. ఆ తర్వాతే పైన రాసిన మాట. నేను తప్పు చేసినవాడిలా తల ఊపి, డబ్బు ఇచ్చి వచ్చేశాను. ఏ పనికి ఇచ్చానో ఇప్పటికీ తెలియదు.

తిరిగి వస్తుంటే దారిలోనే పట్టేసింది. దిగుడులో పెడల్ మెత్తగా లోపలికి పోయింది. అప్పుడు నిజంగా భయపడ్డాను. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉంటే 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా తట్టుకోవాలి. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగవచ్చు. కాలుతున్న కాలిపర్‌లో పాత ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ కింద మిగిలేది గాలే. ఇలా పట్టేస్తున్న బండిని “ఈ వారం గడవనీ” అని నడిపేవాళ్లు (నాతో సహా) మూర్ఖులు.

ఇంటికి వచ్చి, మార్చిన పాత ప్యాడ్లు వెతికి తీశాను. లోపలిది, బయటిది సమానంగా అరిగి ఉన్నాయి. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు బిగుసుకుని ఉంటే సాధారణంగా లోపలి ప్యాడు ఎక్కువ అరుగుతుంది. అంటే పిన్నుల తప్పు కాకపోవచ్చు. కాలిపర్ కొత్తది. ఇక మిగిలింది ఆయిల్ వచ్చే దారి. ముప్పావు గంట ఆగితే వదులైపోయే జబ్బును, ముప్పావు గంట ఆగాక చూస్తే ఏం కనిపిస్తుంది?

మర్నాడు అరగంట నడిపి, చక్రం పట్టేసి ఉండగానే ఇంటి ముందు ఆపాను. వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టాను. ఒక్క జాకీని నమ్మి బండి కింద చేయి పెట్టకండి. రెండు చేతులతో తిప్పినా చక్రం కదలలేదు. జీవితంలో మొదటిసారి, కదలని చక్రాన్ని చూసి సంతోషించాను.

ముందు పైన, ఇనుప పైపు రబ్బరు హోస్‌ను కలిసే చోట నట్టు కాస్త వదులు చేశాను. తుప్పు వదలడానికి రాత్రే నూనె కొట్టి ఉంచాను. అలాంటి నట్టును మామూలు పానాతో తిప్పితే మూలలు అరిగిపోతాయి, పైపు నట్లకు చేసిన పానా వాడాలి. ఆయిల్ చెమర్చింది కానీ చక్రం కదలలేదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి తోసే మాస్టర్ సిలిండర్ ఒత్తిడిని వదలకపోవడమే కారణమైతే ఇక్కడే వదులు కావాలి. నట్టు బిగించి, కాలిపర్ మీది బ్లీడర్‌కు (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మరకు) సన్నని గొట్టం తగిలించి పావు చుట్టు విప్పాను. ఆయిల్ చివ్వున సీసాలోకి వచ్చింది, చక్రం తిరిగింది. ఒత్తిడి హోస్‌లోపలే ఇరుక్కుంది! బ్లీడర్ విప్పినా కదలకపోతే అప్పుడు పిస్టన్‌నో పిన్నులనో అనుమానించాలి.

హోస్ బయటికి నిగనిగలాడుతోంది, ఒక్క పగులు లేదు. కోసి చూస్తే లోపలి రబ్బరు ఉబ్బి, రంధ్రం దాదాపు మూసుకుపోయింది. పెడల్ తొక్కిన బలానికి ఆయిల్ తోసుకుని వెళ్తుంది, తిరిగి రావడానికి ఆ బలం లేదు. బొట్టు బొట్టుగా జారాలి. షెడ్డులో నేను కూర్చున్న ముప్పావు గంటా అది చేసిన పని అదే.

ముందు రెండు హోస్‌లూ మార్చాను, ఆయిల్ అంతా కొత్తది పోసి గాలి తీశాను. ఆయిల్ బంపరు మీద ఒలికి రంగు లేచిపోయింది. వెంటనే నీళ్లు పోయాల్సింది, చూసుకోలేదు. ఈ ఉదయం గంట నడిపి చూస్తే రెండు ముందు చక్రాలూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి.

కోసిన హోస్ ముక్కలు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను. రేపు ఆ షెడ్డు ముందు నుంచే వెళ్తాను.