సీటు ఎత్తు, మోకాలి నొప్పి
హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద ఆదివారాలు సరదాకు తొక్కేవారిలో కొందరు మోకాలి చిప్ప దగ్గర నొప్పి రాగానే బామ్ రాసుకుని ఊరుకుంటారే గానీ, సీటు ఎత్తు చూసుకోరు. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు అతిగా వంగి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. మరీ పైకి ఉంటే నొప్పి మోకాలి వెనక భాగంలో తేలుతుంది. పెడల్ అట్టడుగుకు చేరినప్పుడు మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీల మేర వంగి ఉండాలి. నేను సీటు గొట్టం మీద మార్కర్‌తో గీత పెట్టుకుని, ఒక్కోసారి రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా పైకి జరిపాను. బరువైన గేరులో బలవంతాన తొక్కడమే మొనగాడితనమన్న భ్రమ మనలో ఉంది గానీ, తేలిక గేరులో నిమిషానికి 80 చుట్లు తిప్పితే ప్రతి తొక్కుకూ మోకాలిపై పడే భారం తగ్గుతుంది. వాపు ఉన్నా, మోకాలు పట్టేసినా మాత్రం పానా పక్కన పెట్టి ఎముకల డాక్టరును కలవాలి.