మెరైన్ మైక్రోబయాలజీ చదవాలనుకునే పిల్లలకు

డిగ్రీలో మైక్రోబయాలజీ చదివే పిల్లలు ప్రాజెక్టుల కోసం మా ల్యాబ్‌కి వస్తుంటారు. భీమవరం చుట్టుపక్కల చెరువుల నీళ్లు, రొయ్యలు పరీక్షించే ల్యాబ్ మాది. వాళ్లలో చాలామందికి సముద్రం అనగానే పగడపు దిబ్బలు, డాల్ఫిన్లే గుర్తొస్తాయి. ఆ ఇష్టం మంచిదే, వదులుకోకండి. అయితే ఒక్క మిల్లీలీటరు సముద్రపు నీటిలో సుమారు పది లక్షల బ్యాక్టీరియా ఉంటాయి, వైరస్‌లు అంతకు పది రెట్లు. మన తీరంలో నాకు తెలిసిన ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఈ కంటికి కనపడని వాటితోనే: రొయ్య పిల్లల్ని ఉత్పత్తి చేసే హ్యాచరీలు, జన్యువుల్ని బట్టి సూక్ష్మజీవుల్ని గుర్తించే పీసీఆర్ ల్యాబులు, మేత కంపెనీలు, ఎగుమతి ప్లాంట్ల క్వాలిటీ విభాగాలు.

ఎవరైనా పనిలో చేరితే నేను మొదట చూసేది శాంపిల్ ఎలా పడుతున్నారనేదే. రైతు మంచినీళ్ల సీసాలో చెరువు నీళ్లు పట్టి, ఎండలో బండి మీద తెచ్చేసరికి అందులో బ్యాక్టీరియా పెరిగిపోయి ఉంటుంది. ఆ కౌంట్ సీసాది, చెరువుది కాదు. దాన్ని నమ్మి మందులు కొంటే నష్టపోయేది ఆయనే. అందుకే శుభ్రపరిచిన సీసా, ఐస్ పెట్టె, పట్టిన టైము రాసిన చీటీ, ఈ మూడూ లేకుండా గట్టు మీదకి వెళ్లొద్దంటాను.

తర్వాత ప్లేట్లు, అంటే బ్యాక్టీరియాని పెంచే పళ్లేలు. విబ్రియో అనే బ్యాక్టీరియా జాతి కోసం వాడే టీసీబీఎస్ మీడియాని, అంటే అది పెరిగే ఆహారపు జెల్‌ని, మరిగించి పోయాలి, ఆవిరి ఒత్తిడితో శుభ్రపరిచే ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు. చక్కెరను పులియబెట్టేవి దాని మీద పసుపు కాలనీలుగా వస్తాయి, పులియబెట్టలేనివి ఆకుపచ్చగా వస్తాయి. గ్రీన్ కాలనీలు అనగానే రైతులు హడలిపోతారు. కానీ ఆకుపచ్చగా వచ్చే విబ్రియో పారాహీమోలిటికస్‌లో కూడా రొయ్య పిల్లల్ని చంపే విషపు జన్యువులు కొన్ని రకాలకే ఉంటాయి. రంగు చూస్తే అనుమానం వస్తుంది, పీసీఆర్ చేస్తేనే తేలుతుంది. ఈ తేడాని రైతుకి ఓపిగ్గా చెప్పగలిగినవాళ్లే నా దృష్టిలో మంచి మైక్రోబయాలజిస్టులు.

ప్లేటు మీద పెరగనివే సముద్రంలో ఎక్కువ. సార్-11 అనే బ్యాక్టీరియా గుంపు సముద్రమంతా ఉన్నా, 1990లో డీఎన్ఏ ద్వారానే బయటపడింది. దాన్ని ల్యాబ్‌లో పెంచగలిగింది 2002లో. ఇలాంటి డీఎన్ఏ సమాచారాన్ని కంప్యూటర్ మీదే విశ్లేషించాలి, అందుకని ఆర్ గానీ పైథాన్ గానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడే మొదలుపెట్టండి. లెక్కలంటే భయపడి బయాలజీకి వచ్చామనేవాళ్లకి ఇది మరీ మరీ చెబుతున్నాను.

ఎమ్మెస్సీకి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కొచ్చిలో కుసాట్ (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయం), తమిళనాడులో పరంగిపేటలోని అన్నామలై విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర కేంద్రం ఉన్నాయి. పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి ఫెలోషిప్ తెచ్చుకోండి, ఇంట్లోవాళ్ల మీద భారం పడదు. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, హైదరాబాద్‌లో సముద్ర సమాచారం అందించే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ ఉంది.

ఎమ్మెస్సీలో చేరేలోపు వీలైతే ఒక పంట కాలం, అంటే నాలుగైదు నెలలు, ఏదైనా హ్యాచరీలోనో ల్యాబ్‌లోనో పనిచేయండి. ఆడపిల్లల్ని గట్ల మీదకి ఎలా పంపుతామని అమ్మానాన్నలు అడుగుతారు. వాళ్లని ల్యాబ్‌కి తీసుకొచ్చి చూపించండి. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది. చేరేముందు మాత్రం ఒక మాట గట్టిగా అడగండి: పీసీఆర్ మెషిన్ మా చేత నడిపిస్తారా, లేక గ్లాసువేర్ కడిగించి పంపేస్తారా? సూటిగా జవాబు చెప్పని చోట చేరొద్దు.