తెర వెనక బ్యాచ్

మన బడి పత్రిక ఈ సంచికలో పాత వార్షికోత్సవం ఫొటోలు వేస్తే వాటిలో నేనుండను. కన్యాశుల్కం నాటకంలో గిరీశం వెనకాల ఓ గోడ ఉంటుంది చూడండి, అది మాది.

నాటకం అనగానే మా డ్రాయింగు మాస్టారు హాల్లో ఆఖరి బెంచీ మీద కూర్చునేవారు. "ఒరే గుంటల్లారా, ఇక్కణ్ణించి కనపడందానికి సూదీ దారం ఎందుకురా?" అనేవారు. అందుకే మధురవాణి పట్టుచీర నిజానికి పాత వాయిల్ చీర, అంచుకి బంగారు కాగితం. దగ్గరగా చూస్తే నవ్వొచ్చేది, లైటు పడితే ధగధగలాడేది. గోడలకి గోనెలు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాళ్లబ్బాయి మా క్లాసే, ఇంక లోటేముంది? వెదురు చట్రానికి గోనె బిగించి, మైదా జిగురుతో పేపర్లు అంటించి, పైన సున్నం కొట్టేవాళ్లం.

1892లో మన విజయనగరంలోనే తొలిసారి ఆడిన నాటకం కదా, కన్యాశుల్కమంటే మాకు కాస్త పొగరే. కానీ మొదటి రంగం బొంకులదిబ్బ. పై ఊరివాళ్లు ఎలా గీసినా చెల్లుతుంది. మన ప్రేక్షకులకి ఆ చోటు తెలుసు. మాస్టారు మమ్మల్ని అక్కడికే తీసుకెళ్లి, "కరెంటు స్తంభాలూ, కొట్లూ తీసేస్తే ఏం మిగుల్తుందిరా?" అన్నారు. పరదా మీద ముప్పాతిక వంతు సాయంత్రపు ఆకాశమే వేశాం.

నాకు ఎక్కువ ఇష్టమైంది మాత్రం లంకాదహనం బొమ్మలాట. అసలు తోలుబొమ్మకి మేకతోలు పలచగా గీకి రెండువైపులా రంగులేస్తారు. వెలుతురు తోలులోంచి దూరి వస్తుంది కాబట్టే తెర మీద రంగు కనపడుతుంది. అట్టతో చేస్తే నల్లటి నీడే. మాకు మేకతోలు ఎవరిస్తారు? డ్రాయింగు పేపరు మీద రంగు సిరాలేసి, బాగా ఆరాక నువ్వులనూనె రాశాం. ముందు నూనె రాస్తే రంగు పట్టదు. గ్రీన్‌రూమంతా తలంటు వాసన! సన్న మేకుతో నగలున్నచోటల్లా చిల్లులు పొడిస్తే, వెనక దీపం పెట్టగానే అవే ముత్యాలు. హనుమంతుడి తోకని ముక్కలుగా కత్తిరించి, ఒక్కో అతుకు దగ్గరా దారం ముడేసి, కొసకి చీపురుపుల్ల కట్టాం. ఆ పుల్ల తిప్పే పని నాది. తోక లేచినప్పుడల్లా ఈలలే ఈలలు.

కప్పు గిరీశానికిచ్చారు. మర్నాడు మేం సెట్టు విప్పాం. గోనెలు మిల్లువాళ్లబ్బాయికి తిరిగిచ్చేశాం, వెదుళ్లు పీఈటీ సారు హైజంపుకి పట్టుకుపోయారు.