పాత ఇత్తడితో గురి ఎందుకు చెదురుతుంది

కడప, అనంతపురం నుంచి అమెరికా వెళ్ళి రైఫిల్ షూటింగ్ పట్టిన మనవాళ్ళు అడిగే ప్రశ్న ఇది: పేల్చిన ఇత్తడి కేస్‌ను, అంటే తూటాలో మందు ఉండే గొట్టాన్ని, ఎన్నిసార్లు మళ్ళీ నింపొచ్చు, పాతబడితే గురి చెదురుతుందా? ఇక్కడున్నవాళ్ళకు ముందే చెబుతున్నా, 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. తుపాకీ లైసెన్సు ఉంటే ఇంట్లో నింపుకోవచ్చనుకోకండి, అది వేరు, ఇది వేరు.

పాతదైనంత మాత్రాన కేస్ గురిని చెడగొట్టదు. కేస్‌కూ కేస్‌కూ ఉన్న తేడా చెడగొడుతుంది. ఆ తేడా ముందుగా మెడ దగ్గర, అంటే బుల్లెట్‌ను పట్టుకునే సన్నటి కొస దగ్గర, మొదలవుతుంది.

కేస్ లోహంలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. పేల్చినప్పుడు మెడ ఉబ్బుతుంది, కేస్‌ను పాత కొలతకు తెచ్చే అచ్చులో, అంటే డైలో, నొక్కితే మళ్ళీ ముడుచుకుంటుంది. ఇలా సాగీ ముడిగీ ఇత్తడి గట్టిపడుతుంది. బిందె కొట్టే కంచరి మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచకపోతే అంచు పగిలేదీ ఇందుకే. గట్టిపడిన మెడ డైలోంచి రాగానే కాస్త తెరుచుకుంటుంది, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. దాంతో బుల్లెట్‌ను పట్టుకునే బిగువు మారి, వేగం మారుతుంది. 100 గజాల్లో ఇది పెద్దగా తెలియదు. 600 గజాల్లో దెబ్బలు నిలువునా పైకీ కిందికీ చెదురుతాయి. బుల్లెట్‌ను కేస్‌లో కూర్చోబెడుతుంటే నొక్కుడు యంత్రం (ప్రెస్) పిడి ఒకసారి తేలిగ్గా, ఇంకోసారి బిగిసి దిగుతోందా? మెడను అనుమానించండి.

దీనికి విరుగుడు అనీలింగ్, అంటే కాల్చి మెత్తబరచడం. ప్రైమర్ (అడుగున ఉండి మందును అంటించే చిన్న గిన్నె) తీసేసిన ఖాళీ కేస్‌ను తిప్పుతూ మెడకు, దాని కింది వాలైన భుజానికి మాత్రమే కొన్ని సెకన్లు మంట తగలనివ్వాలి. మసక వెలుతురులో మెడ ఎర్రబారడం మొదలవగానే తీసేయాలి. నీళ్ళలో ముంచడం వేడి కిందికి పాకకుండా ఆపడానికే. ఉక్కులాగా ఇత్తడి నీళ్ళలో గట్టిపడదు. అడుగు భాగం వేడెక్కి మెత్తబడితే మాత్రం ఆ కేస్ పనికిరాదు. ఒత్తిడికి తట్టుకోలేక చీలితే వేడి గ్యాస్ మొహం మీదికే వస్తుంది.

డైలో భుజాన్ని మరీ వెనక్కి నొక్కడం ఇంకో చేటు. ప్రతిసారీ చేత్తో గడియ లాగి తూటా ఎక్కించే బోల్ట్ రైఫిల్‌కు అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు చాలు. అంతకు మించితే ప్రతి పేలుడుకూ ఇత్తడి సాగి, అడుగుకు కాస్త పైన గోడ పలచబడుతుంది. పేపర్ క్లిప్ కొసను వంచి లోపల గోడ వెంబడి లాగండి, గాడి తగిలితే పారేయండి. బయట మెరిసే గీత కనిపించినా అంతే. సాగిన మెడను కత్తిరించడమూ మరవొద్దు: .308 విన్చెస్టర్ రకం తూటా కేస్‌కు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, కత్తిరించేది 2.005కి.

ఒకే తయారీవి, ఒకేసారి కొన్నవి, అన్నిసార్లే పేల్చినవి ఒక డబ్బాలో ఉంచండి. .308కి జోడీగా సైన్యం వాడే 7.62 మి.మీ. కేసులకు గోడ సాధారణంగా మందం, లోపల చోటు తక్కువ. అదే కొలత తుపాకీ మందు పోస్తే ఒత్తిడి పెరుగుతుంది. ప్రైమర్ చేతి ఒత్తిడికే జారిపోయేంత వదులైన కేస్‌ను ప్లయర్స్‌తో నలిపేసి తుక్కులో వేయండి. నలపకపోతే మళ్ళీ డబ్బాలోకే చేరుతుంది.