మినిట్స్‌లో మదర్

నా పేరు మాధవ. డల్లాస్ వచ్చి తొమ్మిదేళ్లయింది. పోయిన ఏడాది ఆఫీసులో మీటింగులను విని దానంతటదే రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చారు, అప్పట్నుంచి రికార్డుల్లో నేను 'మదర్'ని. "మదర్ విల్ ఫిక్స్ ద డేటాబేస్ బై ఫ్రైడే" అని టీమ్ మొత్తానికీ మెయిల్ వెళ్లిన రోజు అందరితో పాటు నేనూ నవ్వాను. నాలుగోసారికి నవ్వు రాలేదు.

మనం ద, ధ పలికేటప్పుడు నాలుక పళ్లకు తగులుతుంది, ఇంగ్లిష్ డి పలకాలంటే ఇంకాస్త పైన చిగుళ్లకు తగలాలి, అందుకని మన ధ వాళ్ల చెవికి 'మదర్'లోని టీహెచ్‌లా వినిపిస్తుంది. మెషీన్‌కీ అంతే. పైగా అది వినపడిన శబ్దాన్ని మాత్రమే చూడదు, ఆ చోట ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో కూడా లెక్కేస్తుంది. ఇంగ్లిష్‌లో అమ్మతో మాధవుడు ఏం పోటీపడతాడు!

చిత్రమేంటంటే మా మేనేజర్ 'మ్యాడ్‌హావ్' అంటాడు, అప్పుడు మాత్రం స్పెల్లింగ్‌తో సహా సరిగ్గా పడుతుంది. అంటే నా పేరు దానికి తెలుసు, నేను పలికితేనే తెలీదు. కారులో మా ఆవిడ "కాల్ మాధవ" అంటే మాత్రం ఠక్కున కలుస్తుంది, ఫోన్ కాంటాక్ట్స్‌లో ఉన్న పేర్లవైపు మొగ్గుతుంది కాబట్టి. (నన్ను 'ఏమండీ' అని సేవ్ చేసుకోలేదు, అదృష్టం.)

ఇది మనొక్కళ్ల గోలే కాదు. 2020లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఆపిల్, అమెజాన్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ సిస్టమ్స్‌ని పరీక్షించారు. తెల్లవాళ్ల మాటల్లో సగటున నూటికి 19 తప్పులొస్తే, నల్లజాతి వాళ్ల మాటల్లో 35 వచ్చాయి. వాళ్లు ఇక్కడే పుట్టి, పుట్టినప్పట్నుంచీ ఇంగ్లిషే మాట్లాడుతున్నవాళ్లు.

పేర్ల జాబితా అందులో ఎక్కించండి బాబూ అని ఐటీ వాళ్లకు టికెట్ పెట్టి రెండు నెలలు. ఈలోపు మీటింగ్‌లో నేనే "మ్యాడ్‌హావ్ హియర్" అంటున్నా. సిగ్గుగానే ఉంది, కానీ చేసిన పని నా పేరు మీద పడాలి కదా.

పోయిన వారం వరంగల్ అబ్బాయి ఒకడు మా టీమ్‌లో చేరాడు, పేరు వేణు. మొదటి మీటింగ్‌లోనే మా ఇద్దరి పేర్లూ శుభ్రంగా, ఇంట్లో పలికినట్టే పలికాడు. సాయంత్రం మెయిల్ వచ్చింది: "మదర్ అండ్ వెన్యూ విల్ డిస్కస్ టుమారో." వాడు నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, ఈ మదర్ ఎవరు?" అని అడిగాడు.