మంచినీళ్ల కార్డు

మా బాబుకి నాలుగేళ్లు, ఆటిజం ఉంది. దాహమేస్తే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవాడు, నాకు అర్థం కాకపోతే నేల మీద పడి ఏడ్చేవాడు. స్పీచ్ థెరపిస్ట్ బొమ్మల కార్డులు మొదలుపెడదాం అన్నప్పుడు, ఇక మాటలు రావేమోనని ఒకటే టెన్షన్. ఇది 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ తయారుచేసిన పద్ధతి, పెక్స్ అంటారు, కావలసినదాని బొమ్మ ఉన్న కార్డు చేతికిచ్చి అడగడం అన్నమాట, కార్డులు మాటని ఆపవని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. మొదట్లో మా అత్తయ్య వాడి వెనక కూర్చుని, చెయ్యి పట్టి కార్డు నాకు ఇప్పించేవారు, నేను వెంటనే "నీళ్లు" అంటూ గ్లాసు అందించాలి, "ఏం కావాలి నాన్నా" అని ముందే అడగకూడదు, అదే నాకు చాలా కష్టమైంది. నిన్న పప్పు తాలింపు పెడుతుంటే కార్డుకి అంటించిన వెల్క్రో పీకిన చప్పుడు. తిరిగి చూస్తే, ఎవరూ చెప్పకుండానే, మూల నలిగిన ఆ నీళ్ల కార్డు తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. స్టవ్ కట్టేసి ముందు నీళ్లిచ్చాను.