వేడెక్కితే ఆగిపోయే పాత కారు: ఇంట్లోనే తప్పు పట్టుకున్న తీరు

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకునేది. ఎండలో అరగంట తిరిగి ట్రాఫిక్‌లో నిలబడితే మాత్రం చెప్పాపెట్టకుండా ఆగిపోయేది. బానెట్ ఎత్తి పావుగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. బండి 2005 నాటి నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే రకం). షెడ్డుకు చేరేలోపు చల్లబడిపోతే అక్కడ ఎవరికైనా ఏం దొరుకుతుంది? ఆగిపోయి ఉన్న ఆ పావుగంటలోనే కొలవాలి. అందుకే మల్టీమీటర్, టెస్ట్ ల్యాంప్, ఒక పాత స్పార్క్ ప్లగ్గు, 10 నంబరు సాకెట్, లీటరు నీళ్లు, ఓ గుడ్డ ఎప్పుడూ డిక్కీలో ఉంచాను.

ముందు తేలికవి తీసేశాను. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) మాత్రమే ఆగే బండికైతే థ్రాటిల్ బాడీలో మసి, ఐడిల్ వాల్వు, పగిలిన వాక్యూమ్ గొట్టం చూడాలి. ఇది 60 వేగంలోనూ ఆగింది కాబట్టి అవి పక్కకు పోయాయి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, బాగానే ఉంది. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య కొలిస్తే 0.14. అక్కడ 0.5 దాటితే ఎర్త్ వైరు విప్పి గీకాల్సిందే. ఆగినప్పుడు పెట్రోల్ మూత తెరిచినా గాలి పీల్చిన శబ్దం రాలేదు, అంటే ట్యాంకు వెంట్ మూసుకుపోలేదు.

అసలు ఆచూకీ ఆర్పీఎం ముల్లు ఇచ్చింది. గేర్‌లో దొర్లుతున్న బండిలో చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. పెట్రోల్ అందక ఆగితే ముల్లు బండి వేగంతో పాటు మెల్లగా దిగుతుంది, ముందు కుదుపులు కూడా ఉంటాయి. నా బండిలో ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే ముల్లు టక్కున సున్నాకి పడింది. అంటే తెగింది పెట్రోల్ కాదు, ఇంజిన్ తిరుగుతోందని చెప్పే సిగ్నల్. (అలా ఆగితే బ్రేక్ ఒకటి రెండు నొక్కుల వరకే తేలిగ్గా పడుతుంది. పంపింగ్ చేయకుండా ఒకే పట్టున నొక్కి పక్కకు తీయాలి.)

తర్వాత ఆరుబయట, బానెట్ మూసి, ఏసీ వేసి ఐడిల్‌లో వదిలాను. నలభై నిమిషాలకు ఆగింది. వెంటనే తాళం ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, కాబట్టి ఇంజిన్ కంప్యూటర్‌కు కరెంటిచ్చే మెయిన్ రిలే బతికే ఉంది. పంపు రెండు సెకన్లు జుయ్‌మని ఆగింది. ఇంజెక్టర్ సాకెట్లు ఊడదీసి, పాత ప్లగ్గును హెచ్‌టీ వైరుకు (ప్లగ్గుకు హై వోల్టేజ్ తెచ్చే వైరు) తగిలించి, దాని ఒంటిని జంపర్ కేబుల్‌తో బ్లాకుకు గట్టిగా బిగించి సెల్ఫ్ కొట్టాను. ప్లగ్గును చేత్తో పట్టుకోకూడదు. నిప్పు లేదు. ఇంజెక్టర్ సాకెట్లో 1 కిలో ఓమ్ రెసిస్టర్ జోడించిన ఎల్ఈడీ పెడితే అదీ మిణకలేదు. అక్కడ మామూలు బల్బు పెడితే ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్లో) ఇంజెక్టర్‌ను నడిపే సర్క్యూట్ పాడవచ్చు.

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. పంపు వైరుకు టెస్ట్ ల్యాంప్ పెడితే తాళం ఆన్ చేసినప్పుడు రెండు సెకన్లు వెలిగింది, సెల్ఫ్ కొడుతుంటే వెలగలేదు. దీన్ని చూసే చాలామంది మంచి పంపును మార్చేస్తారు. నిజానికి ఇంజిన్ తిరుగుడును పసిగట్టే క్రాంక్ సెన్సార్ నుంచి సిగ్నల్ రాకపోతే ఇంజిన్ తిరగడం లేదని ఈసీయూ అనుకుని పంపునూ ఇగ్నిషన్‌నూ ఇంజెక్టర్లనూ ఒకేసారి ఆపేస్తుంది. స్కానర్ ఉంటే ఇంకా తేలిక. సెల్ఫ్ కొడుతుంటే ఆర్పీఎం 200 దరిదాపుల్లో కనిపించాలి. సున్నా చూపితే సెన్సార్‌నో దాని వైరునో అనుమానించాలి. ఫాల్ట్ కోడ్ పడకపోవచ్చు, దాని కోసం ఎదురుచూడొద్దు.

క్రాంక్ సెన్సార్ మీద తడిగుడ్డ వేశాను. రెండు నిమిషాల్లో స్టార్టయింది. అదే సెన్సార్ వారం ముందు చల్లగా ఉన్నప్పుడు 870 ఓమ్స్ చూపితే బాగుందని వదిలేశాను, నా పొరపాటు అదే. ఇప్పుడు విప్పి, మీటరు తగిలించి, హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే అంకె మెల్లగా పెరిగి ఉన్నట్టుండి ఓఎల్ (తీగ తెగినట్టు మీటరు చూపే గుర్తు) అయింది. లోపలి కాయిల్ వేడికి తెగి, చల్లారితే కలుస్తోంది.

కొత్తది బిగించే ముందు గూట్లోని ఇనుప పొడి తుడిచి, సెన్సార్ ఓ-రింగుకు (రబ్బరు సీలుకు) చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి, వైరును హెచ్‌టీ వైర్లకూ సైలెన్సర్ పైపుకూ దూరంగా క్లిప్పులో పెట్టాను. సాకెట్ పిన్నులు వదులైతే కొత్త సెన్సార్ కూడా ఇదే ఆట ఆడుతుంది. ఆ తర్వాత నలభై అయిదు నిమిషాల ఐడిల్ పరీక్ష మూడుసార్లు చేశాను, ఆగలేదు.

ఈ ఓమ్స్ పరీక్ష లోపల కాయిల్ ఉండే రెండు వైర్ల సెన్సార్‌కే పనికొస్తుంది. మూడు వైర్లుంటే అది సాధారణంగా హాల్ సెన్సార్ (కాయిల్ బదులు ఎలక్ట్రానిక్ చిప్పుతో పనిచేసేది). దానికి ఓమ్స్ కొలవకుండా ముందు సప్లయ్, ఎర్త్ వస్తున్నాయో లేదో చూసి, సెల్ఫ్ కొడుతూ సిగ్నల్ వైరు మీద వోల్టేజ్ మారుతోందో లేదో చూడాలి.